పసుపు రాసిన పాదం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్ నెలలో నేను అనకాపల్లిలో కొత్తగా మొదలైన ఒక ప్రైవేటు ఆసుపత్రి గుండె విభాగంలో చీఫ్ పెర్ఫ్యూజనిస్టుగా చేరాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు విశాఖపట్నంలో అదే పని. రోజూ రైల్లో వెళ్లి రావడంతోనే సగం జీవితం గడిచింది. గవరపాలెంలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉద్యోగం దొరికేసరికి, రిటైరయ్యే ముందు రెండేళ్లు హాయిగా గడిచిపోతాయనుకున్నాను. చేరి మూడు నెలలు తిరక్కుండానే ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగింది.

పెర్ఫ్యూజనిస్టు అంటే ఎవరని చాలామంది అడుగుతారు. గుండె ఆపరేషన్ చేయాలంటే గుండెను కాసేపు ఆపాలి. అది ఆగినంతసేపూ దాని పనినీ, ఊపిరితిత్తుల పనినీ ఒక యంత్రం చేస్తుంది. ఆ యంత్రం ముందు కూర్చుని నడిపే మనిషి పెర్ఫ్యూజనిస్టు. డాక్టరు కాదు, నర్సు కాదు. ఆపరేషన్ థియేటర్లో సర్జన్, మత్తు డాక్టర్ తర్వాత మూడో కుర్చీ మాది. పేషెంట్లకు మా ముఖం తెలియదు, వాళ్లు మత్తులో ఉన్నప్పుడే మేం వచ్చి వెళ్లిపోతాం. అనకాపల్లిలో పేషెంట్ల తాలూకు జనం మెషిన్‌ను మిసన్ చేసి నన్ను ‘మిసన్ మేడమ్’ అనేవారు. నా పేరు కరుణ. పేరుకే కరుణ అని నా వెనక జూనియర్లు నవ్వుకునేవారని నాకు తెలుసు. నేను అడ్డు చెప్పలేదు. చెక్‌లిస్టులో ఒక్క గడి ఖాళీగా కనిపిస్తే కేసు మొదలుపెట్టనిచ్చేదాన్ని కాదు. ఆ మాత్రం పొగరు నాకుండేది.

ఆగస్టులో ఒక శనివారం ఉదయం రావికమతం వైపు పల్లె నుంచి నూకరత్నం అనే ఆవిడను తీసుకొచ్చారు. యాభై రెండేళ్లు. మూడెకరాల చెరుకు, కొంచెం వరి, మొగుడితో సమానంగా చేలో పనిచేసే మనిషి. నాలుగు రోజుల క్రితం గుండెల్లో నొప్పి వస్తే గ్యాసనుకుని సోడా తాగింది, వాము నమిలింది, మర్నాడు మళ్లీ చేనికి వెళ్లింది. నాలుగో రోజుకు ఊపిరాడక కూలబడింది. వెంట భర్త సన్యాసినాయుడు, కూతురు దేవి వచ్చారు. దేవి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తుంది. పాతికేళ్లుంటాయి. కాగితాలన్నీ ఆ పిల్లే చదివి సంతకాలు చేసింది.

మా సర్జన్ మూర్తి గారు ఎకో తీయించి చూసి తల పట్టుకున్నారు. గుండెపోటులో కొంత కండ చచ్చిపోతుంది. ఈవిడకు చచ్చిన కండ గుండె కింది రెండు గదుల మధ్య గోడలో ఉంది. ఆ గోడకు చిల్లు పడింది. ఒంటికి వెళ్లాల్సిన రక్తం ఆ చిల్లులోంచి పక్క గదిలోకి పోయి ఊపిరితిత్తుల్లో నిండుతోంది. బీపీ నిలవడం లేదు. చిల్లు మూయడానికి ఆపరేషన్ ఒకటే మార్గం. కానీ అప్పుడే చచ్చిన కండ తడిసిన అట్టలా ఉంటుంది, కుట్టు వేస్తే చిరిగిపోతుంది. వారం, పది రోజులు ఆగితే చిల్లు అంచులు గట్టిపడి కుట్టు నిలుస్తుంది. ఆగడానికి మాత్రం ఆవిడ గుండెకు ఓపిక లేదు.

ఇలాంటి చోట ఎక్మో అనే యంత్రం పెడతారు. కరోనా రోజుల్లో పేపర్లలో పడి ఈ పేరు అందరికీ తెలిసింది. తొడ దగ్గర సిర లోంచి వేలు లావు గొట్టంతో రక్తం బయటికి తీసి, పంపుతో తిప్పి, ప్రాణవాయువు కలిపి, తొడ ధమని లోంచి తిరిగి ఒంట్లోకి పంపుతాం. ఇది జబ్బు నయం చేసేది కాదు. ఆపరేషన్ చేయదగ్గ రోజు వచ్చేదాకా మనిషిని నిలబెడుతుంది, అంతే. మూర్తి గారు శనివారం మధ్యాహ్నం గొట్టాలు పెట్టారు, యంత్రం నేను మొదలుపెట్టాను. ఆపరేషన్ పదకొండో రోజు మంగళవారం అని నిర్ణయించుకున్నాం. అప్పటిదాకా నూకరత్నం మత్తులోనే ఉంటుంది.

ఇక్కడ పాదం గురించి చెప్పాలి. తొడ ధమనిలో అంత లావు గొట్టం దూర్చాక, ఆ కాలికి కిందికి వెళ్లాల్సిన రక్తానికి దారి మూసుకుపోతుంది. అందుకని దాని పక్కనే సన్నటి గొట్టం ఒకటి కిందివైపుగా పెడతాం. దాన్ని డిస్టల్ లైన్ అంటాం. కాలు బతకడం ఆ సన్న గొట్టం మీదే ఆధారం. అది మడత పడినా, గడ్డకట్టి మూసుకుపోయినా నాలుగైదు గంటల్లో కాలు చచ్చిపోతుంది. పేషెంటు మత్తులో ఉంటుంది కాబట్టి నొప్పని చెప్పదు. అందుకే గంటగంటకీ పాదం చూడాలి. రంగు ఎలా ఉంది, వెచ్చగా ఉందా, పిక్క మెత్తగా ఉందా, డాప్లర్ పెడితే రక్తం పారే శబ్దం వస్తోందా. ఈ నాలుగింటికీ చార్టులో నాలుగు గడులు. పెద్ద ఆసుపత్రుల్లో కాలికి అంటించి తెరమీద చూసుకునే పరికరం ఉంటుంది. మాకది ఇంకా రాలేదు. మా కళ్లూ, చేతులే పరికరాలు.

ఆ చార్టు నేను తయారుచేసిందే. విశాఖపట్నంలో వాడిన దానికి ఇంకో గడి కలిపి మరీ తెచ్చాను.

గొట్టాలు పెట్టకముందే నా పద్ధతి ప్రకారం ఒంటిమీద ఉన్నవన్నీ తీయించాను. చేతికి కట్టిన మొక్కు దారాలు, మెడలో తాయెత్తు, కాలికి నల్లతాడు కత్తిరించాను. కాళ్ల మెట్టెలు వదులు కాలేదు. సబ్బునీళ్లు రాసి తిప్పినా రాకపోతే కత్తిరింపు పరికరం తెప్పించి కోశాను. వేళ్లు ఉబ్బితే మెట్టె ఉరితాడవుతుంది, చేయక తప్పదు. మెట్టెల ముక్కలు కవర్లో వేసి దేవి చేతికిచ్చినప్పుడు ఆ పిల్ల తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. బయట బెంచీ మీద కూర్చున్న బంధువుల్లో ఒక పెద్దావిడ మాత్రం నేను వెనక్కి తిరగ్గానే పక్కావిడతో అంది:

“ఆవిడ కిరస్తానీ కదేటే. మెట్టెలంటే ఆవిడికేటి తెలుత్తది?”

నిజమే, నేను క్రైస్తవురాలిని. మా తాతగారు ఈ ఊళ్లోనే చర్చి పెద్దగా ఉన్నారు. నేను మెట్టెలు పెట్టుకోను, కాళ్లకు పసుపు రాసుకోను. కానీ ముత్తైదువ మెట్టెలంటే ఏమిటో తెలియకుండా యాభై ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో ఎలా బతుకుతాను? ఆ మాట నాకు గుచ్చుకుంది. ఉద్యోగంలో ఎన్నో మాటలు పడ్డాను, ఏదీ ఇంటిదాకా తీసుకెళ్లలేదు. దీన్ని తీసుకెళ్లాను. అది తీసుకెళ్లకుండా ఉండాల్సింది.

ఆ వారం బాగా గడిచింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు లెక్క సరిగ్గా కుదిరింది. మూత్రం వస్తోంది, ఊపిరితిత్తుల్లో నీరు తగ్గింది. మూర్తి గారు రోజూ ఎకో చూసి, అంచులు గట్టిపడుతున్నాయి అనేవారు. దేవి రోజుకోసారి గౌను, టోపీ వేసుకుని ఐదు నిమిషాలు లోపలికి వచ్చేది. యంత్రం మీద ఏ అంకె ఏమిటో రెండో రోజుకే నేర్చేసుకుంది. “ఇవాళ ఫ్లో మూడూ ఎనిమిది, నిన్నా అదే కదా మేడమ్?” అని అడిగేది. నాకు ముచ్చటేసేది. నా కింద చదువుకోవడానికి ఇలాంటి వాళ్లొక్కరూ రారేమిటా అనుకునేదాన్ని.

ఏడో రోజు శ్రావణ శుక్రవారం. పొద్దున తొమ్మిదింటికి దేవి వచ్చింది. గౌను జేబులోంచి చిన్న స్టీలు గిన్నె తీసింది. అందులో కలిపిన పసుపు ముద్ద.

“మేడమ్, శ్రావణ సుక్కురారం. అమ్మ కాళ్లు అలా బోసిగా ఉంటే మా నాన్న సూడలేకపోతన్నాడు. మెట్టెలూ లేవు, పసుపూ లేదు. ఒక్క రవ్వ రాసేసి ఎళ్లిపోతాను.”

ఐసీయూలో బయటి వస్తువేదీ పేషెంటు ఒంటికి తగలకూడదన్నది నియమం. గొట్టాలున్న కాలి దగ్గర అసలే కాదు. వద్దనడానికి నోరు తెరిచాను కూడా. అంతలో బెంచీ మీద పెద్దావిడ మాట చెవిలో మోగింది. నేను వద్దంటే అది నియమం అనుకోరు, నా మతం అనుకుంటారు అనిపించింది. మెట్టెలు కోసింది చాలక పసుపు కూడా వద్దందని ఊరంతా చెప్పుకుంటారు అనిపించింది. ఆ క్షణంలో నేను పేషెంటు గురించి ఆలోచించలేదు. నా గురించి ఆలోచించుకున్నాను.

“గొట్టం కట్టు దగ్గరికి వెళ్లకు. పాదం వరకే,” అన్నాను.

దేవి రెండు పాదాలకూ చీలమండ దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల మీద, చక్కగా మందంగా రాసింది. తల్లి కాళ్లకు దండం పెట్టుకుని కళ్లు తుడుచుకుంది. అద్దం అవతల నుంచి సన్యాసినాయుడు చూసి నాకు చేతులెత్తి మొక్కాడు. నాకు చాలా సంతోషమేసిందని ఒప్పుకోవాలి. ఆ బెంచీ వైపు కూడా ఒకసారి చూశాను, పెద్దావిడ చూసిందో లేదో అని.

డ్యూటీలో ఉన్నది సిస్టర్ ఝాన్సీ. నెమ్మదస్తురాలు, పని తెలిసినది. దేవి వెళ్లాక నా దగ్గరికి వచ్చి, రంగు గడిలో ఏం రాయమంటారు, డాప్లర్‌కు జెల్ రాస్తే పసుపంతా చెదిరిపోతుంది కదా అని అడిగింది. పదింటికి థియేటర్లో నాకు వాల్వు మార్పిడి కేసుంది. చేతులు కడుక్కోవడానికి వెళుతూ జవాబు చెప్పాను. ఆ జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“వారం రోజులుగా ఎలా ఉందో అలాగే ఉంటుందిలే అమ్మా. పండగ పూట. సాయంత్రం నేనొచ్చి తుడిచి చూస్తాను.”

చీఫ్ చెబితే స్టాఫ్ నర్సు ఎదురు చెప్పదు. ఆసుపత్రిలో అంతస్తులు అలా ఉంటాయి. పైగా చెప్పింది చెక్‌లిస్టుల కరుణ మేడమ్.

పదకొండున్నరకు వీపు ఒరుసుకుపోకుండా పేషెంటును పక్కకు తిప్పారు. రోజూ తిప్పేదే. ఆ తిప్పడంలో డిస్టల్ లైన్ ప్లాస్టరు కింద మడత పడింది. కాళ్ల మీద వేడిగాలి దుప్పటి ఉంది కాబట్టి పాదం ముట్టుకుంటే వెచ్చగానే తగిలింది, అది రక్తం వెచ్చదనం కాదు. రంగు పసుపు కింద ఉంది. గోరు నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి, గోళ్ల మీదా పసుపే. డాప్లర్ నేనే వద్దన్నాను. పిక్క తడమాలంటే దుప్పటి ఎత్తాలి, ఝాన్సీ మీద ఆ పూట ఇంకో ఇద్దరు పేషెంట్ల భారం పడింది. పన్నెండు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు గంటలూ రంగు గడిలో ‘నార్మల్’ అని పడింది.

థియేటర్లో వాల్వు కేసు సాగింది. నేను బయటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. టీ కూడా తాగకుండా ఐసీయూకు వెళ్లాను, మాటిచ్చాను కాబట్టి. గాజుగుడ్డ సెలైనులో తడిపి ఎడమ పాదం తుడిచాను. శుభ్రమైన, మామూలు పాదం. కుడి పాదం తుడిచాను. పసుపు కింద బొటనవేలు నీలంగా ఉంది. ఇంకా తుడిచాను. అరికాలు పాలిపోయి, మధ్యమధ్య ఊదారంగు మచ్చలతో ఉంది. పిక్క మీద చెయ్యి వేస్తే చెక్కలా బిగిసిపోయింది. ప్లాస్టరు పీకి చూస్తే గొట్టం మడత.

ఝాన్సీ నా చేతిలోని పచ్చటి గుడ్డనూ, నా ముఖాన్నీ చూసి ఏడుపు లంకించుకుంది. మూర్తి గారికి ఫోన్ చేయమని చెప్పి, మడత సరిచేసి, మిగిలిన పసుపంతా తుడిచేశాను. కాలు బాగా కనిపించడానికే తుడిచాను అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. సర్జన్ గారు వచ్చేసరికి పాదం శుభ్రంగా ఉంది. గోళ్ల అంచుల్లో మిగిలిన పచ్చదనాన్ని ఆయన బెటాడిన్ మరక అనుకున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు.

ఆ సాయంత్రమే పిక్క ఒత్తిడి తగ్గడానికి చర్మం పొడవునా కోసి వదిలారు. గడ్డకట్టకుండా ఇచ్చే మందు నడుస్తుండటంతో ఆ కోతల్లోంచి రక్తం ఆగలేదు. చచ్చిన కండలోని విషాలు ఒంట్లోకి ఎక్కాయి. శనివారానికి మూత్రం నల్లబడి తగ్గిపోయింది. ఇక మంగళవారం దాకా ఆగే వీల్లేదు. ఆదివారం ఉదయం మూర్తి గారు గుండె తెరిచారు. ఆపరేషన్ యంత్రం మీద కూర్చున్నది నేనే. చిల్లుకు మూడు వైపులా అంచు గట్టిపడింది, నాలుగో వైపు ఇంకా మెత్తగానే ఉంది. “ఇంకో రెండు రోజులు దొరికుంటే,” అన్నారాయన, ఎవరితోనూ కాదు. అతుకు వేశారు. ఆ మెత్తటి వైపు సన్నటి లీకు మిగిలిపోయింది.

నూకరత్నం బతికింది. ఎక్మో తీసేశాం, కిడ్నీలు కోలుకున్నాయి. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది.

బంధువులతో మాట్లాడటం సర్జన్ పని. ఈ యంత్రంతో కాలికి ప్రమాదం ఉంటుందని ముందే చెప్పాం, కాగితంలోనూ ఉంది, అదే జరిగింది అని ఆయన దేవికి చెప్పారు. తెలిసినంత వరకు ఆయన చెప్పింది నిజమే. నేను పక్కనే నిలబడ్డాను. దేవి నా వైపు తిరిగి, “పేణం నిలబెట్టేరు మేడమ్, అదే సాలు,” అని నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు చెప్పాల్సింది.

జరిగిన పొరపాటు రాసే ఫారం ఒకటుంటుంది. నేనే నింపాను. ‘పక్కకు తిప్పినప్పుడు లైన్ మడత పడింది, గమనించిన సమయం నాలుగూ నలభై’ అని రాశాను. పసుపు మాట రాయలేదు. ఆ అయిదు నార్మల్‌లూ అలాగే వదిలేశాను. రాస్తే ఝాన్సీ ఉద్యోగం పోతుంది. అంతకన్నా, తల్లి కాలు తన చేతి పసుపు వల్లే పోయిందని ఆ పిల్ల జన్మంతా కుమిలిపోతుంది. ఈ రెండు కారణాలూ నిజమే. నన్ను ఎవరూ అడగకుండా ఉండటానికి ఆ రెండూ బాగా పనికొచ్చాయన్నది కూడా నిజమే.

తర్వాత స్టాఫ్ అందరికీ కొత్త నియమం పెట్టాను, కాళ్లకు ఏదీ రాయకూడదని. కారణం చెప్పలేదు. కారణం చెప్పని నియమం ఎన్నాళ్లుంటుంది? నేను రిటైరైన నాడే పోయిందని విన్నాను. నూకరత్నం మూడు నెలలకోసారి చెకప్‌కు వచ్చేది, ముందు చంకకర్రలతో, తర్వాత కృత్రిమ పాదంతో. ఆవిడ వచ్చే రోజు నేను థియేటర్లో పని కల్పించుకునేదాన్ని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో దేన్నుంచీ తప్పించుకోని మనిషిని, ఒక చంకకర్రల చప్పుడు వింటే పక్క గదిలోకి వెళ్లేదాన్ని.

పోయిన నెల ఒక ఉదయం పదింటికి దేవి మా ఇంటికి వచ్చింది. గేటు దగ్గరే గుర్తుపట్టాను. పెళ్లైంది, కొంచెం ఒళ్లు చేసింది. కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పింది. వాళ్ల మేనమామ కోడలికి కాన్పయ్యాక గుండె నీరసించి, విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో ఎక్మో పెట్టారట. ఇరవై మూడేళ్ల పిల్ల.

“అక్కడ ఎవరూ మాట వినడం లేదు మేడమ్. మీరు ఒక్క ఫోన్ సేసి సెప్తే రాయనిత్తారు,” అంది. బ్యాగులోంచి పసుపు పొట్లం తీసి చూపించింది. “మా అమ్మకి ఆ రోజు రాయబట్టే కదా పేణం దక్కింది. అమ్మోరు కాలు తీసుకుని మనిసిని ఇచ్చేసింది. ఊళ్లో అందరికీ అదే సెప్తాను.”

కూర్చోమన్నాను. కూర్చున్నాక మొత్తం చెప్పాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగూ నలభై దాకా, చార్టులో గడులతో సహా, తుడిచిన గుడ్డతో సహా. చెబుతున్నంతసేపూ దేవి ఆ పొట్లం చూస్తూ ఉంది.

“అయితే అమ్మ కాలు నేనే తీసేనా మేడమ్?”

“లేదు. నువ్వు అడిగావు. వద్దనడం నా పని. నేను వద్దనలేదు. పైగా కాలు చూడొద్దని చెప్పిందీ నేనే.”

దేవి తన ఉద్యోగం గురించి చెప్పింది. వాళ్ల కంపెనీలో పరీక్షించిన ప్రతి అంకె పక్కనా సంతకం ఉండాలట. “సూడకుండా రాసేరని తెలిత్తే ఆ రోజే ఇంటికి పంపించేత్తారు మేడమ్. మాత్రల డబ్బాకే అంత ఉంటది.” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. పొట్లం బ్యాగులో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, బొట్టైనా పెట్టొచ్చా అని అడిగింది. అక్కడి సిస్టర్‌ని అడుగు, వద్దంటే వద్దు, కోపం తెచ్చుకోకు అన్నాను. కాళ్లకు ఎవరు ఏది రాసినా తుడిపించమని, గొట్టం మడత పడిందో లేదో రోజూ అడగమని కూడా చెప్పాను. తలూపింది.

“అమ్మకి నేను సెప్పను. మీరే వచ్చి సెప్పండి.”

ఆ ఆదివారం చర్చి అయ్యాక చోడవరం మీదుగా రావికమతం వెళ్లే బస్సెక్కాను. నూకరత్నం ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. కృత్రిమ పాదం విప్పి పక్కన పెట్టుకుంది. ఆవిడతో నేను మాట్లాడటం అదే మొదటిసారి. నేను చూసిన పదిరోజులూ ఆవిడ మత్తులోనే ఉంది. ‘మిసన్ మేడమ్’ అని చెబితే మజ్జిగ తెప్పించింది. నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తోందని, చేనికి వెళ్లడం మానేశానని చెప్పింది. ఆ ఆయాసం మూర్తి గారికి దొరకని ఆ రెండు రోజుల వల్లేనని నాకు తెలుసు. అదీ చెప్పాను, పసుపూ చెప్పాను. కాళ్లు బోసిగా ఉంటే బాగుండదని మీవాళ్లు బాధపడ్డారు, కాదంటే మీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను అన్నాను.

ఆవిడ చిక్కుళ్లు తుంచడం ఆపింది. మొండికాలు వైపు చూసుకుంది.

“కాలు సూడ్డానికి పసుపు అడ్డమైతే తుడిసీడమే కదా మేడమ్,” అంది. “ఆ పూట నాకు తెలివుంటే నానే తుడిసీమందును.”

అంతకుమించి ఆవిడ తిట్టలేదు, ఓదార్చలేదు. బస్సు వేళ అయిందని గుర్తుచేసింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పేషెంటు మనసు నొచ్చుకుంటుందని అనిపించినప్పుడు, నొచ్చుకునేది ఎవరో సరిగ్గా చూసుకోండి. ఆ రోజు నేను కాపాడింది నూకరత్నం మనసును కాదు, నా పేరును. ఆ తర్వాత దేవి మనసును కాపాడుతున్నాననుకుని ఇంకో పిల్ల పాదానికి కూడా పసుపు పొట్లం చేరబోయేదాకా ఊరుకున్నాను. పాదం కనిపించకపోతే చార్టులో ‘కనిపించలేదు’ అని రాయండి. నా చార్టులో నాలుగు గడులు పెట్టాను, ఆ మాట రాయడానికి గడి పెట్టలేదు.